మ్యాపుకు కనబడని మోరీ

చూపులేనివాళ్లు రోడ్డు మీద ఒంటరిగా నడవడం గురించి ఎవరి దగ్గర మాట ఎత్తినా ఈ మధ్య ఒకటే జవాబు వస్తోంది: “ఇప్పుడు ఫోన్లు వచ్చినయ్ గదా!” మ్యాపు పెట్టుకుంటే అదే నోటితో చెబుతుందట. కుడి అంటే కుడికి, ఎడమ అంటే ఎడమకు తిరిగితే గుమ్మం దాకా చేరుస్తుందట. ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆఫీసర్లు, టీచర్లు, ఫోన్లు పంచే దాతలు, చూపులేని పిల్లలున్న తల్లిదండ్రులు ఎంతో ఆశతో అంటున్నారు. కానీ మాట తప్పు. ఆ తప్పును నమ్మి ఒక మనిషి మోరీలో పడతాడు, దాన్నే సాకుగా చూపి ఒక పంచాయతీ తన పని నుంచి తప్పించుకుంటుంది. అందుకే దీన్ని ఊరికే వదలడానికి లేదు.

హైదరాబాద్ మాట పక్కన పెడదాం. దంతాలపల్లిని తీసుకుందాం. వరంగల్ నుంచి ఖమ్మం పోయే 563 నంబరు జాతీయ రహదారి మీద, తొర్రూరు దాటాక మరిపెడ రాకముందు ఉంటుందీ ఊరు. సూర్యాపేట నుంచి వచ్చే రోడ్డు ఇక్కడే కలుస్తుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నర్సింహులపేట నుంచి విడిపోయి, మహబూబాబాద్ జిల్లాలో కొత్త మండల కేంద్రమైంది. మండల కేంద్రం అయిందంటే చుట్టుపక్కల పల్లెల్లోని చూపులేనివాళ్లు కూడా పింఛను కాగితానికో, మరో దరఖాస్తుకో ఇక్కడికి రాక తప్పదు. వాళ్లు దిగేది లారీలు ఆగకుండా పోయే రోడ్డు పక్కన. ఫోన్‌తో అన్నీ అయిపోతాయనేవాళ్లు తమ వాదనను ఇక్కడ నిలబెట్టి చూపించాలి.

ముందు ఆ ఫోన్ ఏం చేయగలదో నిజాయితీగా చెప్పుకుందాం. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వాటిలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే ఫోన్ తానెక్కడుందో లెక్కగడుతుంది. 2000 మే నెల మొదటి దాకా మామూలు జనానికి అందే సంకేతాన్ని అమెరికా కావాలనే చెడగొట్టి పంపేది. అది ఆపాకే ఇది అందరికీ పనికొచ్చే వస్తువైంది. ఇప్పుడు వరంగల్‌లో బస్సెక్కిన అంధుడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వర్ధన్నపేట దాటిందనీ, రాయపర్తి దాటిందనీ, తొర్రూరు వచ్చిందనీ తనకు తానే తెలుసుకోగలడు. పక్క సీటాయన్ని నాలుగుసార్లు అడగాల్సిన పని లేదు. ఇది చిన్న విషయం కాదు. ఎవరినీ అడగకుండా తెలుసుకోవడంలోని మర్యాద, రోజూ అడుక్కోవలసి వచ్చినవాళ్లకే తెలుస్తుంది. నేను ఖండిస్తున్నది ఈ ఫోన్‌ను కాదు. బస్సులో ఇంత చక్కగా పనిచేసిందే బస్సు దిగాక కూడా పనిచేస్తుందనుకునే నమ్మకాన్ని ఖండిస్తున్నాను.

బస్సు దిగాక లెక్క మారిపోతుంది. ఆకాశం బాగా తెరుచుకుని ఉన్నచోట మామూలు స్మార్ట్‌ఫోన్ చూపించే స్థానం 4.9 మీటర్ల లోపు తేడాతో ఉంటుందని జీపీఎస్‌ను నడిపే అమెరికా ప్రభుత్వమే చెబుతోంది. గోడల మధ్య, చెట్ల కింద, రేకుల షెడ్ల పక్కన ఆ తేడా ఇంకా పెరుగుతుంది. కారులో పోయేవాడికి అయిదు మీటర్లు లెక్కలోకి రావు. బండి రోడ్డు మీదే ఉంటుందని సాఫ్ట్‌వేర్ అనుకుని, చుక్కను జరిపి రోడ్డు గీత మీద పెడుతుంది. మిగతాది అతని కళ్లు చూసుకుంటాయి. నడిచే అంధుడికి ఆ అయిదు మీటర్లలోనే ప్రాణం ఉంది. రెండు వరుసల జాతీయ రహదారి మీద బండ్లు పోయే తారు వెడల్పు 7 మీటర్లు. ఊరి లోపలి సీసీ రోడ్డయితే చాలా చోట్ల మూడు నాలుగు మీటర్లే. అంటే ఫోన్ చేసే పొరపాటు రోడ్డు కంటే వెడల్పైనది. మనిషి రోడ్డుకు ఏ పక్కన ఉన్నాడో, అసలు రోడ్డు మీద ఉన్నాడో మోరీ అంచున ఉన్నాడో దానికి తెలియదు. నిలబడిపోతే ఏ దిక్కుకు మొహం పెట్టాడో కూడా జీపీఎస్‌కు తెలియదు, నాలుగడుగులు కదిలితేనే తెలుస్తుంది. అప్పటిదాకా ఫోన్‌లోని దిక్సూచే ఆధారం. పక్కన ట్రాక్టరో ఇనుప గేటో ఉంటే అదీ తడబడుతుంది. తప్పు దిక్కుకు వేసే ఆ నాలుగడుగులు జాతీయ రహదారి మధ్యలోకి అయితే?

మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ వస్తోంది కదా, రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే ఫోన్లు వచ్చాయి కదా, తేడా తగ్గిపోతుంది కదా అని చదువుకున్నవాళ్లు అంటారు. తగ్గుతుంది. రెండు ఫ్రీక్వెన్సీల ఫోన్లు 2018 నుంచే బజారులో ఉన్నాయి. తపాలా శాఖ కూడా ఐఐటీ హైదరాబాద్, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి 2025లో డిజిపిన్ తెచ్చింది. దేశం మొత్తాన్ని దాదాపు 4 మీటర్ల చదరాలుగా కోసి, ఒక్కో చదరానికి పది అక్షరాల గుర్తు ఇచ్చింది. మంచిదే, రేపు దంతాలపల్లిలో ప్రతి ఇంటికీ గుర్తు ఉంటుంది. తేడా ఒక్క మీటరుకు దిగిందనే అనుకుందాం. మోరీ మీద బండ ఉందా, నిన్న రాత్రి ట్రాక్టరు ఎక్కి విరిగిందా అన్నది ఏ ఉపగ్రహం చెబుతుంది? గమ్యం ఎక్కడుందో తెలియడం వేరు, తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో తెలియడం వేరు. మొదటిది ఫోన్ ఇస్తుంది. రెండోది ఇవ్వలేదు, దాన్ని అందుకోసం తయారు చేయలేదు.

మన ఊళ్లలో అంధుడి కాలికి తగిలేవేమిటో ఒకసారి చూడండి. కరెంటు స్తంభానికి ఏటవాలుగా దించిన స్టే వైరు. కర్రకు తగిలేలోపే వైరు మొహానికి తగులుతుంది. తల ఎత్తున వేలాడే ఫ్లెక్సీ కట్టె. వీధిలోకి జరిగొచ్చిన గద్దె. పైపుల కోసం తవ్వి, మట్టి కప్పి, మళ్లీ సిమెంటు వేయకుండా వదిలేసిన గాడి. దుకాణం ముందు అడ్డంగా పెట్టిన మోటారు సైకిళ్లు. కోతల కాలం వస్తే రోడ్డు సగం దాకా వడ్లు. చుట్టూ రాళ్లు, మీద పట్టా. రాత్రిపూట కళ్లున్న బండివాళ్లే ఆ రాళ్లకు తగిలి పడిపోతున్నారు. నేను రైతును తప్పుపట్టను. ఆరబోసుకోవడానికి కల్లం లేని రైతు తారురోడ్డును వెతుక్కుంటాడు. కానీ ఉదయం లేని కుప్ప సాయంత్రానికి వచ్చే రోడ్డు గురించి మ్యాపు ఏం చెప్పగలదు? అందులో వడ్ల కుప్ప లేదు, స్టే వైరు లేదు, మోరీ లేదు. ఉన్నదల్లా ఒక నీలం గీత.

ఆ గీతను నమ్మి కళ్లున్నవాళ్లే ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ జిల్లాలో ముగ్గురు కారులో పోతూ, ముందు భాగం వరదకు కొట్టుకుపోయిన వంతెన మీది నుంచి రామగంగ నదిలో పడి చనిపోయారు. మ్యాపులో ఆ మార్పు ఎక్కలేదు. వంతెన ముందు సరైన అడ్డుకట్ట కూడా లేదు. అంతదూరం పోవడం ఎందుకు? 2024 సెప్టెంబరు 1న ఇదే 563 రహదారి మీద మరిపెడ దగ్గర పురుషోత్తమాయగూడెం వంతెన వద్ద ఆకేరు పొంగి రోడ్డును కోసేసింది. మన ప్రాంతంలో రోడ్డు ఒక్క రాత్రిలో మాయమవుతుంది. వానాకాలం వస్తే దారి గురించి మ్యాపును కాదు, ఎదురొచ్చే మనిషిని అడగాలని ఇక్కడి జనానికి ఎప్పటి నుంచో తెలుసు.

ఇక అంధుల కోసమే చేసిన సదుపాయాల సంగతి. గూగుల్ మ్యాప్స్‌లో చూపులేనివారికి నడకదారిని వివరంగా చెప్పే వాయిస్ గైడెన్స్ 2019 అక్టోబరులో, ప్రపంచ దృష్టి దినోత్సవం నాడు మొదలైంది. మొదట వచ్చింది అమెరికాలో ఇంగ్లిషులో, జపాన్‌లో జపనీసులో. 2022 జులైలో వీధులను ఫొటోల్లో చూపే స్ట్రీట్ వ్యూ మళ్లీ మన దేశానికి వచ్చినప్పుడు పది నగరాలతో మొదలైంది, తెలుగు నేల నుంచి అందులో హైదరాబాద్ ఒక్కటే. వ్యాపారం ఉన్నచోట మ్యాపు చిక్కగా ఉంటుంది, లేనిచోట పలచగా ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో చూపు సంబంధ వైకల్యం ఉన్నవారు దేశంలో 50 లక్షల మంది పైచిలుకు. వికలాంగుల్లో మూడింట రెండొంతులకు మించి పల్లెల్లోనే ఉన్నారని ఆ లెక్కలే చెబుతున్నాయి. మనుషులు ఎక్కువున్నచోట మ్యాపు పలచన, మ్యాపు చిక్కగా ఉన్నచోట మనుషులు తక్కువ. దీనికి ‘పరిష్కారం’ అని పేరు పెట్టడం అన్యాయం.

నడకదారి అడిగినా మన దగ్గర మ్యాపు తరచుగా చూపించేది బండ్ల దారినే. ఊరివాళ్లకు తెలిసిన అడ్డదారి, బడి వెనక సందు, గుడి పక్కన మెట్లు అందులో ఉండవు. ఫోన్ గొంతు మన ఊళ్ల పేర్లు పలికే తీరు మన చెవికి అందదు. అంతకన్నా పెద్ద సంగతి చెవిది. అంధుడికి రోడ్డు మీద చెవే ఆధారం. లారీ ఎంత దూరంలో ఉంది, ఆటో ఆగిందా కదులుతోందా, గోడ అయిపోయి సందు వచ్చిందా అన్నవన్నీ చెవితోనే పట్టుకుంటాడు. ఇప్పుడు చప్పుడు లేకుండా వచ్చే బ్యాటరీ బండ్లు కూడా పెరిగాయి. అటువంటి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, దాంట్లో ఒక గొంతును నిరంతరం మాట్లాడించి, హైవే దాటమనడం ఏం సహాయం?

“రోడ్లు బాగయ్యేదెప్పుడు, ఫుట్‌పాత్‌లు వచ్చేదెప్పుడు? ముప్పై ఏళ్లు పట్టొచ్చు. ఈలోపు ఉన్న ఫోన్‌ను ఎందుకు కాదంటావు?” అని అడిగేవాళ్లున్నారు. అన్నిటిలోకి బలమైన వాదన ఇదే కాబట్టి దీనికి నేరుగా జవాబు చెప్పాలి. ఈలోపు అని మొదలైన ఏర్పాటే మన దగ్గర చివరికి శాశ్వతమవుతుంది. ఫోన్ ఇచ్చామన్న తృప్తి వచ్చాక ఫుట్‌పాత్ ఫైలు ఎవరూ తెరవరు. పైగా ఈ భారమంతా ఎవరి జేబు మీద పడుతోందో చూడండి. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో పెంచాక నెలకు 4,016 రూపాయలు. ఫోన్ కొనాలి, రీచార్జి చేయించాలి, పగిలితే బాగుచేయించాలి, ఛార్జింగ్ అయిపోతే నడిరోడ్డు మీద నిలబడిపోవాలి. ప్రభుత్వం వేయాల్సిన బాటను అంధుడు తన పింఛనుతో కొనుక్కోవాలన్నమాట. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితం. చూపులేని మహిళకు టికెట్ ఖర్చు లేదు, సంతోషం. ఇంటి నుంచి బస్సు దాకా ఉన్న రెండు వందల అడుగుల దారి గురించి ఎవరు ఆలోచించారు? బస్సు ఎక్కడుందో చెప్పడానికి ఆర్టీసీ 2023 ఆగస్టులో గమ్యం యాప్ తెచ్చింది. ముందుకొచ్చి ఆగిన బస్సు తొర్రూరుదా, మరిపెడదా అన్నది మాత్రం అద్దం మీది బోర్డే చెబుతుంది. ఆ బోర్డు చదవలేనివాళ్లకు కండక్టర్ గొంతు ఒక్కటే దిక్కు. డోరు తెరిచి ఊరి పేరు రెండుసార్లు గట్టిగా పలకడానికి ఏ యాప్ కావాలి?

కంపెనీల మీద ఆధారపడితే ఏమవుతుందో కూడా అనుభవంలో తేలింది. చుట్టూ ఏముందో శబ్దంతో, అది ఏ వైపుందో ఆ వైపు చెవిలోనే వినిపించే సౌండ్‌స్కేప్ అనే యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2018లో విడుదల చేసింది. అంధులు దాన్ని ఎంతో మెచ్చుకున్నారు. 2023లో కంపెనీ ఆపేసింది. కోడ్‌ను బయటపెట్టింది కాబట్టి ఇతరులు కొంత నిలబెట్టుకున్నారు, అది వేరే సంగతి. కానీ పంచాయతీ వేసిన బాటను ఎక్కడో సియాటిల్ పక్కన కూర్చున్నవాళ్లు ఒక నిర్ణయంతో ఆపేయలేరు. రోడ్డుకూ యాప్‌కూ మధ్య ఉన్న తేడా ఇంతే, ఇంత పెద్దది. ఇప్పుడు కెమెరాతో ఎదుట ఉన్నది చూసి చెప్పే కృత్రిమ మేధ వచ్చింది. చీటీ చదవడానికి, మందు డబ్బా గుర్తుపట్టడానికి చాలా బాగుంటుంది. నడుస్తూ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ఫోన్ ముందుకు చాపి, జవాబు వచ్చేదాకా నిలబడుతూ రోడ్డు దాటడం మాత్రం కుదరదు.

అడుగు సంగతి చెప్పేది కర్ర. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ 1940లలో పొడవైన కర్రను అడుగుకు అడుగు అటూ ఇటూ ఆడిస్తూ నడిచే పద్ధతిని తీర్చిదిద్దాడు. కుడి కాలు వేసేముందు ఆ చోటును కర్ర చూస్తుంది, ఎడమ కాలు వేసేముందు ఈ చోటును చూస్తుంది. ఎనభై ఏళ్లు గడిచినా దాన్ని మించింది రాలేదు. మోకాలికి పైన ఉన్న అడ్డంకులు దానికి తగలవు కాబట్టి ఐఐటీ ఢిల్లీవాళ్లు 2014లో స్మార్ట్‌కేన్ తెచ్చారు. మూడు మీటర్ల దాకా ఎదురుగా ఉన్నదాన్ని పసిగట్టి పిడిలో వణుకుతుంది. స్టే వైరుకు, ఫ్లెక్సీ కట్టెకు పనికొచ్చేది ఇటువంటిది. అయితే కర్ర చేతికిస్తే చాలదు, దాన్ని ఆడించడం నేర్పాలి. చెవితో ట్రాఫిక్ చదవడం, గోడ వెంట నడవడం, తప్పిపోతే మళ్లీ దారి పట్టడం నెలల తరబడి ఒక మనిషి పక్కన నడిచి నేర్పాల్సిన విద్య. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి పునరావాస విభాగం ఉంది, దేవ్‌నార్ అంధుల పాఠశాల 1991 నుంచి నడుస్తోంది. దంతాలపల్లిలో యాభై ఏళ్లు దాటాక చూపు పోయిన రైతుకు ఈ విద్య ఎవరు నేర్పుతారు? కంటి వెలుగు పథకం కింద 2018లో, మళ్లీ 2023లో ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లు పరీక్షించారు, అద్దాలిచ్చారు. అద్దాలతో బాగుకాని కళ్లవాళ్లు ఇంటికి పోయి మంచం మీద కూర్చున్నారు. శిబిరం పెట్టగలిగిన ప్రభుత్వం, మండలానికో శిక్షకుణ్ణి పెట్టలేదా?

“ఊళ్లో చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాళ్లు లేరా ఏంటి” అంటారు కొందరు. ఉన్నారు, మన పల్లెలకు ఆ మంచితనం ఉంది. కానీ అన్నా, కాకా అని ప్రతిసారీ పిలిచి, పిలిచినవాడికి తీరిక దొరికేదాకా అరుగు మీద ఎదురుచూసే బతుకు స్వేచ్ఛ కాదు. ఆడపిల్లయితే ఏ చెయ్యి పట్టుకోవాలో కూడా ఆలోచించుకోవాలి.

పాదానికి దారి నేలే చెప్పగలదు. జపాన్‌లో సెయిచి మియాకే రూపొందించిన బొడిపెల పలకలను 1967లో ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర పరిచారు. చెప్పుల కింద బొడిపె తగిలితే ఆగాలి, గీతలు తగిలితే సాగాలి. బ్యాటరీ లేదు, సిగ్నల్ లేదు, ఏ భాషా రానక్కర్లేదు. ఇది మన చట్టంలోనూ కొత్త కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, రోడ్లు, బస్సులు, భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసింది. రాజీవ్ రతూరి అనే చూపులేని పౌరుడు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పింది. అందుబాటు ప్రమాణాలను సలహాలుగా వదిలేసిన ఈ చట్టం కింది నిబంధనల్లో 15వది ఆ చట్టానికే విరుద్ధమని కొట్టేసి, తప్పనిసరి నిబంధనలు తెమ్మని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కోర్టు ముందు దేశవ్యాప్త పరిస్థితి మీద నివేదిక పెట్టింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రమే. 2025 మే నెలలో అదే సుప్రీంకోర్టు, అడ్డంకుల్లేని, వికలాంగులకు అనువైన ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమంది. హక్కు అని కోర్టు చెప్పినదాన్ని యాప్ అని మనం అనువాదం చేసుకోవడానికి వీల్లేదు.

రోడ్డు బాగుపడితే యాప్ కూడా బాగుపడుతుంది. ఫుట్‌పాత్ ఉంటే మ్యాపులో ఫుట్‌పాత్ ఎక్కుతుంది, దాటే చోటుంటే దాటే చోటు ఎక్కుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా ఉచితంగా ఊరి సందులు, మెట్లు, బొడిపెల పలకలు నమోదు చేయొచ్చు, డిగ్రీ పిల్లలు సెలవుల్లో చేయగలిగిన పని అది. ముందు నేల మీద ఉంటేనే కదా నమోదు చేసేది.

దంతాలపల్లిలో పని ఏమంత పెద్దది కాదు. బస్సులు ఆగే చోటు నుంచి మండల ఆఫీసుకు, ఆసుపత్రికి, బ్యాంకుకు పోయే దారుల్లో మోరీలకు బండలు వేయాలి. స్టే వైర్లకు మనిషి ఎత్తు దాకా పసుపు గొట్టాలు తొడగాలి. జాతీయ రహదారివాళ్లు కూడలి దగ్గర బండ్ల వేగం తగ్గించి, దాటే చోట బొడిపెల పలకలు పరవాలి. వడ్లకు కల్లాలు కట్టించాలి, అవి వచ్చేదాకా రోడ్డుకు ఒక పక్క ఎప్పుడూ ఖాళీగా ఉండేలా పంచాయతీ చూడాలి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. వచ్చే సభకు మీ ఊళ్లోని చూపులేని మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఫోన్ ఇస్తామని ఎవరైనా అంటే తీసుకోండి, మోరీ మీద బండ ఎప్పుడు వేస్తారో మినిట్స్ పుస్తకంలో తేదీతో రాయించండి.